నాన్న సంవత్సరీకం పూజకు తమ్ముడు రానంటున్నాడు

కావలి దగ్గరి ఒక పల్లె నుంచి, పేరూ ఊరూ అచ్చు వేయవద్దని కోరుతూ, నలభై ఒక్క ఏళ్ల ఉపాధ్యాయిని ఒకరు ఐదు పుటల ఉత్తరం రాశారు. వారి నాన్నగారు ముప్ఫై ఏళ్లు ఆ ఊరి కతోలిక దేవాలయంలో ఉపదేశిగా (మతబోధ చెప్పేవారిగా) పనిచేసి, కిందటి డిసెంబరులో కన్నుమూశారు. ఒక్కగానొక్క తమ్ముడు చీమకుర్తిలో ఒక గ్రానైటు ఫ్యాక్టరీలో లెక్కలు చూస్తూ, ఒంగోలులో కాపురం ఉంటున్నాడు. ఆరేళ్ల కిందట బాప్టిస్టు కుటుంబపు అమ్మాయిని పెళ్లాడి, ఆ సంఘంలో నీళ్లలో మునిగి బాప్తిస్మం తీసుకున్నాడు. నాన్న భూస్థాపనకు వచ్చి వెనక వరుసలో నిలబడ్డాడు గానీ, రాబోయే సంవత్సరీకానికి అక్క దేవాలయంలో నాన్న పేర దివ్యబలిపూజ పెట్టిస్తానంటే మాత్రం రానన్నాడు. చనిపోయినవారి కోసం ప్రార్థించమని బైబిల్లో ఎక్కడుందో చూపించమన్నాడు. ఆమె మక్కబీయుల రెండవ గ్రంథం పన్నెండో అధ్యాయం తీసి చూపించారు. అది బైబిలే కాదన్నాడు. సంవత్సరీకం రోజు సాయంత్రం ఇంటి ముందు షామియానా వేయించి, తమ పాస్టరుగారితో జ్ఞాపకార్థ కూడిక జరిపిస్తానన్నాడు.

మాటా మాటా పెరిగి, బంధువుల ముందే ఆమె "నాన్న ఆత్మను నరకంలో వదిలేస్తున్నావు" అన్నారు. అతడు "నాన్న రక్షణ సంగతి నాన్న బతికుండగా చూడాల్సింది, ఏనాడూ సరైన బాప్తిస్మం పొందని మనిషికి ఇప్పుడు పూజలెందుకు" అన్నాడు. అతడు వెళ్లిన మర్నాడు నాన్న బైబిలు తెరిస్తే, మక్కబీయుల గ్రంథాల పుటలన్నిటినీ కలిపి ఒక రబ్బరు బ్యాండు బిగించి ఉంది. ఆ పన్నెండో అధ్యాయం అంచున నాన్న పెన్సిలుతో రాసుకున్న పేర్లున్నాయట, ఊళ్లో పోయినవాళ్లవి, ఒక్కొక్క పేరు కింద ఒక్కొక్క తేదీ. ఇద్దరినీ ఏమీ అనలేని అమ్మ, "నేను పోయినప్పుడైనా కొట్టుకోకుండా ఉంటారా" అని అడిగిందట. అక్కగారి ప్రశ్నలు మూడు. మక్కబీయులతో కలిపి, కతోలిక బైబిల్లో ఉండి ప్రొటెస్టంటు బైబిల్లో లేని ఆ ఏడు గ్రంథాల విషయంలో ఎవరిది నిజం? బైబిలు పెద్దదా, శ్రీసభ (కతోలిక సంఘం) పెద్దదా? ఆ రోజు నేనేం చేయాలి?

అమ్మా,

మొదటి రెండు ప్రశ్నలు తేలితే మూడోదానికి జవాబు దానంతటదే వస్తుందని మీరు అనుకుంటున్నట్టున్నారు. అందుకే మీ ఉత్తరంలో నాలుగు పుటలు వచనాలతోనే నిండిపోయాయి. నాకు అలా అనిపించడం లేదు. అయినా ఆ రెంటినీ దాటవేస్తే మీ తమ్ముడితో మాట్లాడటానికి మీకు ధైర్యం చాలదు కాబట్టి ముందు వాటి సంగతే చూద్దాం.

మీ ఇంట్లో జరిగిన వాదం ఐదు వందల ఏళ్ల పాతది. 1519 వేసవిలో జర్మనీలోని లైప్‌జిగ్ నగరంలో యోహాన్ ఎక్ అనే కతోలిక పండితుడు ఉత్తరించు స్థలం (చనిపోయినవారి ఆత్మలు పరలోకానికి ముందు శుద్ధి పొందే స్థితి) ఉందనడానికి ఆధారంగా సరిగ్గా మీరు చూపిన అధ్యాయాన్నే చూపాడు. ఆ గ్రంథం హెబ్రీయుల ప్రామాణిక గ్రంథాల్లో లేదు గనుక వాదంలో దానికి బలం లేదని ప్రొటెస్టంటు ఉద్యమానికి ఆద్యుడైన మార్టిన్ లూథర్ సరిగ్గా మీ తమ్ముడన్న మాటే అన్నాడు. అంతటి పండితులిద్దరూ రోజుల తరబడి వాదించుకున్నా ఒకరినొకరు ఒప్పించలేకపోయిన చోట మీ ఇద్దరూ ఒక్క పూటలో తేల్చుకోలేకపోయారని బాధపడనక్కరలేదు.

ఆ ఏడు గ్రంథాలు, అంటే తోబీతు, యూదితు, సొలోమోను జ్ఞానగ్రంథం, సీరా కుమారుని జ్ఞానగ్రంథం, బారూకు, మక్కబీయులు రెండూ, క్రీస్తుకు పూర్వం గ్రీకు మాట్లాడే యూదులు చదువుకున్న సంపుటంలో ఉండేవి, హెబ్రీ పట్టికలో లేవు. తొలి క్రైస్తవుల్లో ఎక్కువమంది చదివింది గ్రీకు సంపుటమే. 393లో హిప్పోలోనూ, 397లో కార్తేజులోనూ ఉత్తర ఆఫ్రికా మేత్రాణులు (బిషప్పులు) కూడి వేసిన పట్టికలో ఈ గ్రంథాలు ఉన్నాయి. ఇది మీకు అనుకూలమైన సాక్ష్యం. అయితే అదే కాలంలో హెబ్రీ నుంచి లాటినులోకి బైబిలును అనువదించిన జెరోము, మీ దేవాలయంలో పునీతుడిగా గౌరవం అందుకునే ఆ జెరోమే, వీటిని విశ్వాసుల క్షేమాభివృద్ధికి చదవవచ్చు గానీ సిద్ధాంతాన్ని స్థాపించడానికి వాడకూడదని రాసి పెట్టాడు. ఇది మీ తమ్ముడికి అనుకూలమైన సాక్ష్యం. మీ సొంత గూటిలోంచే అతడికి ఇంత మంచి సాక్షి దొరుకుతాడని అతడికి తెలిసినట్టు లేదు, మీరు చెబితే సంతోషిస్తాడు.

అతడు మీతో అన్నట్టుగా "కతోలికులు తర్వాత ఎప్పుడో చేర్చుకున్న పుస్తకాలు" అనే మాట నిలవదు. కతోలిక మేత్రాణుల ట్రెంటు మహాసభ 1546 ఏప్రిల్ 8న చేసింది కొత్తగా చేర్చడం కాదు, అప్పటికి వెయ్యేళ్లకు పైగా చదువుతున్న వాటిని ఇక చర్చకు తావులేకుండా ఖరారు చేయడం. అలాగే "లూథర్ చింపి పారేశాడు" అని మీరు రాసిన మాట కూడా నిలవదు. 1534లో వెలువడిన అతడి జర్మను బైబిల్లో ఈ గ్రంథాలు ఉన్నాయి. లేఖనాలతో సమానం కాకపోయినా చదవడానికి మంచివి, ఉపయోగకరమైనవి అన్న మాటతో పాత నిబంధన చివర విడిగా అచ్చయ్యాయి. 1611 నాటి ఇంగ్లీషు కింగ్ జేమ్స్ బైబిల్లోనూ ఉన్నాయి. ప్రొటెస్టంటుల చేతుల్లోంచి ఇవి దాదాపుగా మాయం కావడానికి పెద్ద కారణం, లండనులోని బ్రిటిష్ అండ్ ఫారిన్ బైబిలు సొసైటీ వీటి ముద్రణకు తన డబ్బు వాడరాదని 1826లో చేసుకున్న తీర్మానం. మన పల్లెల్లో చేతులు మారుతూ నలిగిన నల్ల అట్ట బైబిళ్లు ఆ సొసైటీల దారిలో వచ్చినవే. మీ తమ్ముడి అత్తగారి తాతముత్తాతలు ఈ ఏడింటినీ చదివి, తూకం వేసి, వద్దనుకున్నవారు కారు. వారికి అందిన సంపుటంలో అవి లేవు, అంతే.

ఇక ఆ పన్నెండో అధ్యాయాన్నే నిదానంగా చదవండి. యుద్ధంలో పడిపోయిన తన మనుషుల అంగీల కింద విగ్రహాల తాయెత్తులు దొరికినప్పుడు యూదా మక్కబీయుడు వారి కోసం ప్రార్థన చేయించి, వెండి నాణేలు పోగుచేసి, పాపపరిహార బలి కోసం యెరూషలేముకు పంపాడు. మృతులు లేస్తారన్న నమ్మకం లేకపోతే అతడు ఆ పని చేసేవాడే కాదని గ్రంథకర్త అంటాడు. మీకు ఇది స్పష్టమైన ఆధారం. గ్రంథాన్ని ఒప్పుకున్నా, ఒక సేనాపతి చేసిన పనిని చెప్పడం వేరు, అలా చేయమని దేవుడు ఆజ్ఞాపించడం వేరు అని మీ తమ్ముడి పాస్టరుగారు అంటారు. అప్పుడు మీరు పౌలు తిమోతికి రాసిన రెండవ పత్రిక మొదటి అధ్యాయం తీసి, తనకు తోడుగా నిలిచిన ఒనేసిఫోరు ఆ దినమందు, అంటే తీర్పు రోజున, కనికరం పొందాలని పౌలు కోరాడుగా అంటారు. ఒనేసిఫోరు అప్పటికి చనిపోయాడని అక్కడ లేదని వారు అంటారు. నిజమే, లేదు. వచనానికి వచనం ఇలా దొరుకుతూనే ఉంటుంది.

ఎందుకు తెగదో మీ రెండో ప్రశ్నలో ఉంది. బైబిల్లో ఉన్నదే నమ్ముతానని మీ తమ్ముడు అంటున్నాడు, మంచిదే. కానీ బైబిలులో ఏయే గ్రంథాలు ఉండాలో చెప్పే విషయసూచిక మాత్రం ఏ ప్రవక్తా, ఏ అపొస్తలుడూ రాయలేదు. ఇంగ్లండు బాప్టిస్టులు 1689లో అంగీకరించిన విశ్వాస ప్రమాణం తొలి అధ్యాయంలోనే అరవై ఆరు గ్రంథాల పేర్లు వరుసగా రాసుకోవలసి వచ్చింది. అంటే సంఘం కూర్చుని రాసుకున్న కాగితం అతడి వెనకా ఒకటుంది. దానికి వారి దగ్గర జవాబు లేకపోలేదు. సంఘం ఆ గ్రంథాలకు అధికారం ఇవ్వలేదనీ, వాటికి ఉన్న అధికారాన్ని గుర్తించిందనీ వారంటారు, కంసాలి బంగారాన్ని గుర్తుపట్టినట్టు. మీ వైపు చూస్తే, శ్రీసభ చెప్పింది గనుక ఇవి లేఖనాలు అంటున్నారు. ఆ శ్రీసభకు అధికారం ఎక్కడిదంటే మత్తయి సువార్త పదహారో అధ్యాయంలో పేతురుతో యేసు "ఈ బండ మీద నా సంఘం కడతాను" అన్న మాట చూపిస్తారు. ఆ సువార్త లేఖనమని చెప్పింది మళ్లీ శ్రీసభే. ఇద్దరూ నిలబడింది ఒక నమ్మకం మీదే, ఆ నమ్మకాన్ని వచనంతో పుట్టించలేము, వచనంతో చంపలేము.

"బైబిలు పెద్దదా, శ్రీసభ పెద్దదా" అన్న మీ ప్రశ్నకు మీ శ్రీసభే జవాబు రాసిపెట్టింది. రెండవ వాటికను మహాసభ 1965 నవంబరు 18న వెలువరించిన దైవ వాక్య ప్రకటన శ్రీసభ బోధనాధికారం దేవుని వాక్యం పైన లేదనీ, దానికి సేవ చేస్తుందనీ అంటుంది. లేఖనాన్నీ సంప్రదాయాన్నీ సమాన గౌరవంతో స్వీకరించాలనీ అంటుంది. కాబట్టి "మాకు శ్రీసభే ముందు" అని మీరు తమ్ముడితో అన్నది కతోలిక బోధ కాదు, కోపంలో వచ్చిన మాట. పోపుగారు ఏది అంటే అది కతోలికులకు వేదం అని అతడన్నదీ అంతే. పొరపడని అధికారంతో పోపు బోధించే సందర్భాలను 1870లో చాలా ఇరుకుగా నిర్వచించారు, ఆ తర్వాత దాన్ని నిస్సందేహంగా వాడింది 1950లో, మరియమాత దేహంతో సహా పరలోకానికి చేర్చుకోబడిందన్న ఉత్థాపన విషయంలో.

ఒక చిన్న సంగతి చెప్పకుండా ఉండలేకపోతున్నాను, మీరు ఉపాధ్యాయిని కాబట్టి మీకు నచ్చుతుంది. పాత తెలుగు అనువాదంలో మత్తయి పదిహేనో అధ్యాయం తీయండి. "మీ పారంపర్యాచారము నిమిత్తమై" దేవుని ఆజ్ఞను ఎందుకు అతిక్రమిస్తున్నారని యేసు పరిసయ్యులను అడుగుతారు. ఇప్పుడు థెస్సలొనీకయులకు రాసిన రెండవ పత్రిక రెండో అధ్యాయం పదిహేనో వచనం తీయండి. నోటిమాటవల్లనైనా పత్రికవల్లనైనా తాను బోధించిన "విధులను" చేపట్టమని పౌలు అంటాడు. గ్రీకులో రెండు చోట్లా మాట ఒక్కటే, పరదోసిస్. యేసు మందలించిన చోట అది పారంపర్యాచారం అయింది, పౌలు పట్టుకోమన్న చోట విధి అయింది. ఆ అనువాదం మీదే పెరిగిన మీ తమ్ముడి సంఘానికి సంప్రదాయం అంటే తప్పుడు ఆచారం అని తోచడంలో ఆశ్చర్యం లేదు. ఇందులో ఎవరి కుట్రా ఉందని నేను అనను, అనువాదకుడు సందర్భాన్ని బట్టి మాట ఎంచుకుంటాడు. కానీ మన జిల్లాల్లో రెండు తెగల మధ్య ఉన్న దూరంలో కొంత భాగం తెలుగు మాటల్లోనే ఉంది. వాళ్ల బాప్తిస్మం మీకు జ్ఞానస్నానం, వాళ్ల సంఘం మీకు శ్రీసభ.

ఇప్పుడు అసలు గాయం దగ్గరికి వద్దాం. బంధువుల ముందు మీరన్న మాటా, అతడన్న మాటా, రెండూ మీ మీ సంఘాలు బోధించేవి కావు. పూజ పెట్టించకపోతే నాన్న నరకంలో ఉండిపోతారని ఏ సత్యోపదేశంలోనూ (కతోలిక మతబోధలో) లేదు; ఉత్తరించు స్థలంలో ఉన్న ఆత్మలు రక్షణ ఖాయమైనవారి ఆత్మలు, వారి శుద్ధికి మన ప్రార్థన తోడ్పడుతుందన్నదే బోధ. ముప్ఫై ఏళ్లు పిల్లలకు సత్యోపదేశం చెప్పిన మీ నాన్నగారు ఆ మాట విని ఉంటే మిమ్మల్ని కూర్చోబెట్టి దిద్ది ఉండేవారు. అతడి మాట చూడండి. బాప్టిస్టుల ఉపదేశం ప్రకారం బాప్తిస్మం రక్షణ ఇవ్వదు. విశ్వసించినవాడు లోబడి ఇచ్చే సాక్ష్యం అది. సిలువ మీద పక్కనున్న దొంగ ఏ నీళ్లలోనూ మునగలేదని వారి ప్రసంగాల్లో తరచూ వింటాం. కాబట్టి నాన్న చంటిబిడ్డగా జ్ఞానస్నానం పొందారు తప్ప పెద్దయ్యాక మునగలేదన్న కారణంతో నాన్న రక్షణను శంకించే హక్కు అతడి సొంత సిద్ధాంతమే అతడికి ఇవ్వదు. మరణం తర్వాత ప్రార్థన దేనినీ మార్చదు, హెబ్రీయులకు రాసిన పత్రిక తొమ్మిదో అధ్యాయం చెప్పినట్టు మరణం తర్వాత తీర్పే అని మాత్రమే అతడు అనగలడు. అది వేరే మాట, దానితో మీరు కలిసి బతకగలరు.

మీరు ముందు క్షమాపణ చెప్పండి. అతడు చెప్పే దాకా ఆగవద్దు. ఆ తర్వాత వచనాల ఊసెత్తకుండా ఒక్క ప్రశ్న అడగండి: "నాన్న దేవుని దగ్గర ఉన్నాడని నువ్వు నమ్ముతున్నావా లేదా?" నమ్ముతున్నానంటే మిగిలింది ఆ రోజు ఏర్పాటు ఒక్కటే. తెలియదంటే, ఆ మనిషి కోపంగా లేడు, భయపడుతున్నాడు. ఆ భయంతో ఉన్నవాడిని పూజకు రమ్మని బలవంతపెడితే నాన్న కోసం మొక్కమని కాదు, నాన్న మీద తన అనుమానాన్ని నలుగురిలో ఒప్పుకోమన్నట్టు అతడికి వినబడుతుంది.

ఏర్పాటు మూడు విధాలుగా చేసుకోవచ్చు. ఉదయం పూజ దేవాలయంలో మీరు పెట్టించుకోవడం, సాయంత్రం కూడిక ఇంటి దగ్గర అతడు జరిపించుకోవడం మొదటిది. ఆ పూజకు కొడుకు హాజరు అవసరం లేదు, అతడు రాకపోయినా అది నాన్న కోసం సమర్పించిన పూజే. మీరు సాయంత్రం ఆ కూడికలో కూర్చుని ప్రార్థించడానికి మీ శ్రీసభ అభ్యంతరం చెప్పదు, అక్కడ ప్రభురాత్రి భోజనం ఇస్తే మాత్రం మీరు తీసుకోకూడదు. అతడు ఉదయం వచ్చి దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) తీసుకోకుండా కూర్చున్నా ఎవరి నియమమూ తప్పదు. ఇందులో చిక్కు ఏమంటే మైకు. షామియానా కింద మైకు దొరికిన ప్రసంగీకుడు విగ్రహాల మీదికీ, మరియమ్మ మీదికీ వెళ్లడం మనం చూడనిది కాదు. మీ అమ్మగారు ముందు వరుసలో జపమాల పట్టుకుని అది వినవలసి వస్తుంది. అందుకని పాస్టరుగారితో మీరు కాదు, మీ తమ్ముడే ముందుగా మాట్లాడి, చనిపోయిన మనిషి గురించీ క్రీస్తు గురించీ తప్ప మరో మాట రాకూడదని చెప్పి ఒప్పించాలి. ఒప్పించలేకపోతే కూడిక ఒంగోలులో పెట్టుకోమనండి.

రెండోది సమాధి దగ్గర అందరూ కలిసి చేసుకునే చిన్న ప్రార్థన. అక్కడ నూట ముప్పయ్యవ కీర్తన చదవవచ్చు. "అగాధస్థలములలో నుండి" మొరపెట్టే ఆ కీర్తనను కతోలికులు శతాబ్దాలుగా మృతుల కోసం చెప్పుకుంటున్నారు, లూథర్ దాన్నే పాటగా మలిచాడు, అది ప్రొటెస్టంటుల అరవై ఆరు గ్రంథాల బైబిల్లోనూ ఉంది, కతోలికుల డెబ్బై మూడింటిలోనూ ఉంది. నాన్న బతుకు కోసం దేవునికి కృతజ్ఞత చెప్పడానికి మీ తమ్ముడు నోరు తెరవగలడు. మీరు మనసులో ఏం కోరుకుంటారో ఎవరూ తనిఖీ చేయరు. తమ్ముడు పఠనం చదవాలని మీకుంటే దివ్యబలిపూజలో చదివించాలని పట్టుపట్టకండి, దానికి మేత్రాణుల అనుమతి దాకా పోవాలి. సమాధి దగ్గర ఆ ఇబ్బంది లేదు. దీనివల్ల ఇరువైపులా సణుగుళ్లు తప్పవు. మీ విచారణలో (దేవాలయ పరిధిలోని కతోలికుల్లో) కొందరు మీరు మెత్తబడ్డారంటారు, సంఘంలో కొందరు రాజీపడ్డాడంటారు. ఆ మాటలు పడే ఓపిక అతడికి మీకన్నా తక్కువ ఉండవచ్చు, ఎందుకంటే అతడి భార్య వాళ్లది 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజున బాప్తిస్మం పొందిన 2,222 మందిలో తమ పూర్వీకులున్నారని చెప్పుకునే ఇల్లని మీరే రాశారు. కరువు ఏళ్లలో తమను మనుషులుగా చూసిన సంఘం మీద ఆ ఇంటివారికి ఉన్న మమకారాన్ని మొండితనం అనుకోకండి. మీ నాన్నకు దేవాలయం మీద ఉన్నదీ అలాంటిదే.

మూడోది, అతడు రాడు, మీరు బలవంతపెట్టరు. ఇది ఓటమి కాదు గానీ ఖరీదైనది. బంధువులు అడిగినప్పుడు "వాడికి మనస్సాక్షి ఒప్పుకోలేదు, సాయంత్రం వస్తాడు" అని ఒక్క మాట మీ నోటితో మీరే అనగలిగితేనే ఈ దారి పట్టండి. అనలేకపోతే మౌనంగా మీరు మోసే కోపం అమ్మ మీద పడుతుంది.

నాకు రెండోది బాగుందనిపిస్తోంది, అయితే డిసెంబరు దాకా ఆగకుండా నవంబరు 1న, సమాధుల పండుగకు ముందు రోజు, గడ్డి పీకి సున్నం వేయడానికి అతడిని రమ్మనండి. బకెట్టు, కుంచె పట్టుకోవడానికి ఏ గ్రంథమూ అడ్డు రాదు. వస్తే నాన్న బైబిలు తీసుకెళ్లి, ఆ పుట అంచున ఉన్న పేర్లు చూపించండి. వచనం చూపించకండి, పేర్లే. రబ్బరు బ్యాండు బిగించేటప్పుడు వాటిని అతడు చూశాడో లేదో నాకు అనుమానమే.

అమ్మ విషయంలో మాత్రం నేను దారులు చూపించను. ఆమె కతోలికురాలు, స్పృహలో ఉంది, మాట్లాడగలదు. తన అంత్యక్రియలు ఎలా జరగాలో ఆమెనే అడిగి, ఆమె చెప్పింది ఒక కాగితం మీద రాసి, మీరిద్దరూ కింద సంతకం చేయండి. ఆ రోజున అతడు వెనక వరుసలో నిలబడతాడా ముందు నిలబడతాడా అన్నది అతడి ఇష్టం, క్రమాన్ని మార్చడం మాత్రం అతడి చేతుల్లో ఉండకూడదు, మీ చేతుల్లోనూ ఉండకూడదు.

ఇంకొకటి. డిసెంబరు చివర ఫ్యాక్టరీ లెక్కలు ముగించే రోజులని మీ ఉత్తరంలోనే ఉంది. అతడికి ఏ రోజు, ఏ పూట సెలవు దొరుకుతుందో ముందు ఫోను చేసి కనుక్కోండి, ఫాదరుగారికి పూజ సమయం ఆ తర్వాత చెబుదురు గాని.